రూర్కెన్ వంశం కూడా ఎందుకు మాయమైంది? ఎల్డర్ స్క్రోల్స్ 6 హామర్‌ఫెల్‌లో వస్తే మీకు ఏం చూడాలనుంది?

ఎర్రకొండ_యాత్రికుడు:

సంక్రాంతి సెలవుల్లో ఎల్డర్ స్క్రోల్స్ వీడియో గేమ్ సిరీస్‌లో మూడోదైన మొరోవిండ్ మళ్ళీ మొదలుపెట్టాను. ఇది నాలుగోసారి. నిన్న రాత్రి టెల్ ఫిర్ గోపురం కింద, రోగుల్ని ఉంచే కార్‌ప్రుసేరియంలో యాగ్రమ్ బగార్న్ దగ్గరికి వెళ్ళాను. ఒళ్ళంతా ఉబ్బిపోయి, నడవలేక, యంత్రపు సాలీడు కాళ్ళ మీద కూర్చుని ఉంటాడు. యంత్రవిద్యలో ఆరితేరిన పాత జాతి డ్వెమర్లు, వాళ్ళలో లోకంలో మిగిలింది ఇతనొక్కడే. తన జాతి మాయమైన వేళ తానీ లోకంలో లేనని, బయటి లోకంలో ఎక్కడో ఉన్నానని చెప్తాడు. తిరిగొచ్చి చూస్తే ఎవరూ లేరు. ఏళ్ళ తరబడి పాడుబడ్డ ఊళ్ళన్నీ వెతుక్కున్నాడు. ఈ మాటలు ఇదివరకు మూడుసార్లు చదివాను, ఈసారి మాత్రం నిద్ర పట్టలేదు.

కొత్తవాళ్ళ కోసం క్లుప్తంగా: మొదటి యుగం 700లో ఎర్రకొండ యుద్ధం. డ్వెమర్ల శిల్పాచార్యుడు కాగ్రెనాక్ తన పనిముట్లతో లోర్ఖాన్ అనే చచ్చిన దేవుడి గుండె మీద ఏదో చేశాడు. ఆ క్షణంలోనే జాతి మొత్తం మాయం.

నా ప్రశ్న రూర్కెన్ వంశం గురించి. వాళ్ళూ డ్వెమర్లే. కానీ పొరుగు జాతి చైమర్లతో పొత్తు ఇష్టం లేక, యుద్ధానికి చాలా ముందే విడిపోయారు. వంశపెద్ద తన సుత్తి వోలెన్‌డ్రంగ్‌ని పడమరకి విసిరాడు, అది పడ్డచోట స్థిరపడ్డారు. హామర్‌ఫెల్ అన్న పేరే అలా వచ్చింది. ఎర్రకొండకి అంత దూరంలో ఉన్నవాళ్ళు, ఆ పనిలో వేలు పెట్టనివాళ్ళు, వాళ్ళెందుకు పోయారు?

రెండో ప్రశ్న. ఆరో గేమ్ హామర్‌ఫెల్‌లోనే వస్తే దీనికి జవాబు చెప్పాలా, వద్దా?

వింటర్‌హోల్డ్_విద్యార్థి:

అన్నా, దీని మీద నాకొక ఆలోచన ఉంది, చాలా రోజుల్నించి మనసులో పెట్టుకున్నది.

ఐదో గేమ్ స్కైరిమ్‌లో ఆర్నియెల్ గేన్ క్వెస్ట్ గుర్తుందా? వింటర్‌హోల్డ్ కాలేజీలో ఓ మూల గదిలో ఉంటాడు. చివర్లో కాగ్రెనాక్ పనిముట్లలో ఒకటైన కీనింగ్ కత్తి తెప్పించుకుని, వంకరపోయిన సోల్ జెమ్ (ఆత్మలు బంధించే రాయి) మీద కొడతాడు. మూడో దెబ్బకి మనిషి లేడు, కత్తి మాత్రం మిగిలింది. మాయమైంది అతనొక్కడే. పక్కనే నిలబడ్డ మనకి ఏమీ కాలేదు, అతని బ్రెటన్ జాతికీ ఏమీ కాలేదు. అంటే పనిముట్టుకి జాతిని వెతికి పట్టుకునే గుణం దానంతటదే లేదు. ఎవరి తరఫున కొట్టామన్నదే లెక్క.

మనింట్లో వ్రతం చేసేటప్పుడు సంకల్పం చెప్పుకుంటాం కదా. పీట మీద కూర్చునేది ఒకరే. కానీ గోత్రం చెప్పి, సహకుటుంబానాం అంటాం. ఫలం అమెరికాలో ఉన్న కొడుక్కి కూడా చేరాలనే కదా ఆ మాట. కాగ్రెనాక్ కొట్టింది తన ఒక్కడి కోసం కాదు, డ్వెమర్ జాతి మొత్తం తరఫున. రూర్కెన్‌లు ఊరు విడిచారు కానీ గోత్రం మారలేదు. అందుకే పోయారు.

ఇంకొక్కటి గమనించండి. సంకల్పంలో చోటు కూడా చెప్తాం. జంబూద్వీపే, భరతవర్షే అని. యాగ్రమ్ ఆ సమయానికి ఈ లోకంలోనే లేడు. సంకల్పం చెప్పుకున్న చోటికి బయట ఉన్నాడు. అందుకే మిగిలాడు.

గోదారి_ఖజీత్:

తమ్ముడూ, సంకల్పం పోలిక చదివి లేచి నిలబడ్డాను. యాగ్రమ్ ఒక్కడే ఎందుకు మిగిలాడన్నదానికి ఇంత చక్కగా అతికిన మాట నేనెక్కడా చదవలేదు. కానీ గేమ్‌లో దీన్ని ఖాయం చేసి చెప్పకూడదనే నా వాదన.

ఈ సిరీస్ గొప్పతనం ఎక్కడుందంటే, ఏ కథా ఒక్క నోట రాదు. చైమర్ల నాయకుడు నెరెవార్ ఎలా చనిపోయాడు? ముగ్గురు దేవుళ్ళ గుడివాళ్ళు ఒకటి చెప్తారు. బూడిదనేలల తెగలవాళ్ళు అది పచ్చి అబద్ధమని, పక్కనున్నవాళ్ళే చంపారని చెప్తారు. ఆ ముగ్గురిలో ఒకడైన వివెక్‌ని అడిగితే ఒకలా, వాళ్ళ శత్రువు డాగోత్ ఉర్‌ని అడిగితే ఇంకోలా. ఎవరు నిజమో ఆట చివరిదాకా తేల్చరు. మనూళ్ళ స్థలపురాణాలు అంతే కదా. పాండవులు వనవాసంలో మా ఊరి గుట్ట మీదే ఉన్నారంటారు. పది కోసుల అవతల ఊరివాళ్ళూ అదే మాట అంటారు. ఇద్దర్లో ఎవరు అబద్ధమని ఎవరూ అడగరు. గుట్ట ఎక్కి దణ్ణం పెట్టుకుంటారు.

పైగా మొరోవిండ్‌లోనే సగం జవాబు ఉంది. ఆర్చ్‌మేజ్ ట్రెబోనియస్ ఇచ్చే క్వెస్ట్ చేశారా? డ్వెమర్లు ఏమయ్యారో కనుక్కురా అని ఒక్క ముక్క చెప్పి పంపేస్తాడు. మూడు పుస్తకాలు సంపాదించి యాగ్రమ్‌కో బలాడాస్ అనే మాంత్రికుడికో చూపిస్తే కాగ్రెనాక్ ఏం చేయబోయాడో తెలుస్తుంది. ఏం జరిగిందో తెలియదు. ఆ రెంటికీ మధ్య ఖాళీ ఉంది చూశారా, ఇరవై ఏళ్ళు దాటినా మనం ఇక్కడ కూర్చుని మాట్లాడుకునేది అందులోనే. దాన్ని పూడ్చేస్తే మళ్ళీ తవ్వలేం.

ఓరుగల్లు_ఓర్క్:

నాకు లోర్ (గీ లోకం పాత కథలు) తక్కువ, ఆట ఎక్కువ. కానీ హామర్‌ఫెల్ అంటే నేను గూడ ఆగలేను.

2018 జూన్‌ల టీజర్ వచ్చిన రాత్రి హాస్టల్ల ఆరుగురం ఒక్క ఫోన్ చుట్టూ కూసున్నం. కొండలు, సముద్రం ఒడ్డు, ఓ పాట. నిమిషం గూడ లేదు. పేరు లేదు, ఊరు లేదు. ఆ ఏడే రెడ్‌ఫాల్ అని ట్రేడ్‌మార్క్ బయటపడితే హామర్‌ఫెల్ జనం రెడ్‌గార్డ్‌లే, హామర్‌ఫెల్లే అని ఎగిరినం. తీరా అది రక్తపిశాచుల షూటర్ గేమ్, 2023ల వచ్చింది. గప్పుడు మస్తు బాధైంది. అయినా నా నమ్మకం పోలే.

ఎందుకంటె కథ అక్కడనే ఉన్నది. స్కైరిమ్‌ల మహాయుద్ధం పుస్తకం సదువుండ్రి. నాలుగో యుగం 175ల చక్రవర్తి వైట్ గోల్డ్ ఒప్పందం మీద సంతకం పెట్టిండు. హామర్‌ఫెల్ దక్షిణాన పెద్ద ముక్క థాల్మోర్‌కు, అంటె యుద్ధం చేసిన ఎల్ఫ్‌ల సర్కారుకు, రాసిచ్చిండు. రెడ్‌గార్డ్‌లు ఒప్పుకోలే. చక్రవర్తి వాళ్ళను సామ్రాజ్యం నుంచే తీసేసిండు. ఒంటరిగ అయిదేండ్లు కొట్లాడి, 180ల థాల్మోర్‌ను బయటికి పంపిన్రు. సామ్రాజ్యం చెయ్యలేని పని!

ఇంకోటి గుండెకు తగిలే ముచ్చట. యుద్ధం నడుమ జనరల్ డెసియానస్‌ను సైన్యం తీసుకొని రాజధానికి రమ్మన్నరు. ఆయన పోవుడు పోయిండు గాని, చానా మందిని పనికిరాని రోగులని కాగితం రాసి అక్కడనే వదిలి పోయిండు. ఆ పనికిరానోళ్ళే తర్వాత హామర్‌ఫెల్ సైన్యానికి వెన్నెముక అయిన్రు. గీ ఒక్క ముక్క మీద ఒక గేమ్ తీయొచ్చు. మన హీరో తాత గా రోగుల పట్టీల ఉన్నోడని మొదలుపెట్టుండ్రి.

మా ఓర్క్‌ల ఓర్సినియం మాత్రం మర్చిపోవద్దు. పక్కనే ఉంటది.

దూరతీరం_సంధ్య:

ఓర్క్ తమ్ముడూ, డెసియానస్ సంగతి గుర్తుచేసినందుకు థాంక్స్. రెడ్‌గార్డ్‌లలో పగబట్టిన రెండు వర్గాలు, క్రౌన్లు, ఫోర్‌బేర్లు, కలిసిందీ ఆ యుద్ధంలోనే. హెగాథె క్రౌన్ల ఊరు, దాని చుట్టూ ఉన్న ముట్టడిని పగలగొట్టింది సెంటినెల్ ఫోర్‌బేర్లు. తరాల పగ అక్కడ చల్లబడింది. మరి థాల్మోర్ పోయాక కూడా ఆ చల్లదనం నిలిచిందా? ఆరో గేమ్‌లో రాజకీయం అక్కడ మొదలవ్వాలి.

నేను మాత్రం వేరే దారిలో వస్తాను. రెడ్‌గార్డ్‌ల సృష్టి కథ చదివారా? మోనోమిత్ పుస్తకంలో ఉంటుంది. సటాకల్ అనే పాము తనను తానే మింగుతుంది, చర్మం విడుస్తుంది, మళ్ళీ పుడుతుంది. ఒక్కో చర్మం ఒక్కో లోకం. లోకం మింగుడుపడే వేళ కొన్ని ఆత్మలు ఒక చర్మం మీంచి ఇంకో చర్మం మీదికి ఏటవాలుగా అడుగేసి తప్పించుకోవడం నేర్చుకున్నాయి. ముందు నేర్చుకున్నవాడు రుప్ట్‌గా, అంటే పొడుగు నాన్న. బలం లేనివాళ్ళకి దారి తెలియాలని ఆకాశంలో నక్షత్రాలు పెట్టాడు. పని ఎక్కువైపోయి, పాత చర్మాలతో సెప్ అనే సహాయకుణ్ణి చేసుకున్నాడు. ఆ సెప్‌కి ఆకలి ఆగక, మిగిలిన చర్మాలన్నీ ఉండ చుట్టి ఈ లోకం చేశాడు. దూకి దాటగలిగిన ఆత్మలు ఇందులో ఇరుక్కుపోయాయి. పొడుగు నాన్న కర్ర తీసుకుని సెప్ నెత్తిన ఒక్కటిచ్చాడు.

ఇది మొదటిసారి చదివింది డాలస్‌లో, పెళ్ళయి వచ్చిన కొత్తలో, మంచు కురుస్తున్న రోజున. చదువుతుంటే మా నాయనమ్మ గొంతు వినిపించింది. ప్రళయం వచ్చి అంతా మునిగాక మిగిలిన పామే ఆదిశేషుడని, శేషం అంటేనే మిగిలిందని చెప్పేది. ఈ సిరీస్‌లో కల్పం అన్న మాటనే వాడతారు, అర్థం కూడా మనదే. స్కైరిమ్‌లో పార్తూర్నాక్స్ అనే ముసలి డ్రాగన్ కొండ మీద కూర్చుని, ఈ లోకం తర్వాతి కల్పానికి గుడ్డేమో, దాన్ని పుట్టనివ్వవా అని మనల్ని అడుగుతాడు. కంట్రోలర్ కింద పెట్టేశాను ఆ రోజు. జవాబు ఏది ఎంచుకోవాలో తెలియలేదు.

అందుకే నా ఊహ ఇది. డ్వెమర్లు చావలేదు. రెడ్‌గార్డ్‌ల పూర్వీకులు అడుగేసి దాటినట్టు, వాళ్ళు యంత్రంతో దాటబోయారు. అటు చేరారో, మధ్యలో పడ్డారో తెలియదు. ఒకే నేల మీద ఆ రెండు జాతుల శిథిలాలూ ఉన్నాయి. ఇంతకన్నా మంచి చోటు ఏముంది?

కొత్తగా_చేరాను_విజయవాడ:

అన్నలూ, అక్కా, నేను స్కైరిమ్, ఆబ్లివియన్ రీమాస్టర్ మాత్రమే ఆడాను. ఒక చిన్న సందేహం. స్కైరిమ్ అంతర్యుద్ధంలో నేను తిరుగుబాటు నాయకుడు ఉల్‌ఫ్రిక్ వైపు గెలిపించాను, మా అన్నయ్య సామ్రాజ్యం వైపు. తర్వాతి గేమ్‌లో ఏది నిజమంటారు?

వింటర్‌హోల్డ్_విద్యార్థి:

మంచి ప్రశ్న. దీనికి రెండో గేమ్ డాగర్‌ఫాల్‌లోనే ఒక దారి వేశారు. 1996 నాటి ఆ గేమ్‌కి ముగింపులు చాలా ఉన్నాయి. న్యూమిడియం అనే ఇత్తడి మహాకాయం ఎవరి చేతికిస్తే వాళ్ళు గెలుస్తారు. తర్వాత గేముల్లో ఏమన్నారంటే, అన్నీ జరిగాయి అన్నారు. కాలమే విరిగి, అన్ని ముగింపులూ ఒకేసారి జరిగి, మళ్ళీ అతుక్కుంది. కాలానికి దేవుడు అకటోష్, ఆయన రూపం డ్రాగన్, అందుకే డ్రాగన్ బ్రేక్ అంటారు. నేను కాలభంగం అని రాసుకుంటాను.

ఎర్రకొండ_యాత్రికుడు:

కాలభంగం బాగుంది, ఇక నేనూ అదే వాడతాను. కానీ స్కైరిమ్ యుద్ధానికి అది వాడొద్దు. ప్రతిసారీ కాలాన్ని విరిచేస్తే ఇక విరగడానికి విలువేముంటుంది? డాగర్‌ఫాల్‌కి అది సరిపోయింది, ఎందుకంటే న్యూమిడియం లాంటి వస్తువు కథలోనే ఉంది. ఒక్క ప్రాంతపు తగువుకి అంత అవసరం లేదు. యాభై ఏళ్ళు ముందుకి జరపండి, హామర్‌ఫెల్ సత్రంలో స్కైరిమ్ నుంచి వచ్చిన ఇద్దరు నార్డ్ ముసలివాళ్ళు ఎవరు గెలిచారని పోట్లాడుకుంటూ ఉండాలి, అంతే. విజయవాడ తమ్ముడూ, నువ్వూ మీ అన్నయ్యా ఆ ఇద్దరూ.

గోదారి_ఖజీత్:

ఇది నాకు నూటికి నూరు నచ్చింది.

సంధ్య గారూ, డ్వెమర్లు దాటారన్న ఊహ అందంగా ఉంది, కాదనను. ఒక్క చిక్కు ఉంది. మొరోవిండ్ శిథిలాల్లో డ్వెమర్ ప్రేతాలు తిరుగుతాయి కదా. బామ్జ్ ఆమ్‌షెండ్‌లో రాడాక్ అనే ప్రేతం మనతో మాట్లాడుతుంది కూడా. జాతి మొత్తం ఇంకో లోకానికి దాటితే వీళ్ళెవరు?

దూరతీరం_సంధ్య:

వాళ్ళు 700కి ముందు పోయినవాళ్ళని నా లెక్క. బతికున్నవాళ్ళే మాయమయ్యారు. ముందే చచ్చినవాళ్ళని ఎవరూ తీసుకెళ్ళలేదు. నిజానికి మీ ప్రశ్నే నాకు ఇంకో సంగతి గుర్తుచేసింది. అది ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్‌లో అలికర్ ఎడారి ఆడినవాళ్ళకి అష్‌అబా తెలుసు. రెడ్‌గార్డ్‌లు చచ్చిన పూర్వీకుల మీద కత్తి ఎత్తరు, అది మహాపాపం. అలాంటిది మంత్రగాళ్ళు శవాలని లేపి ఊళ్ళ మీదికి తోలితే ఏం చేస్తారు? అష్‌అబా తెగని పిలుస్తారు. లేచిన శవాలని మళ్ళీ పడుకోబెట్టేది వాళ్ళే. పని అయ్యాక, మైలపడ్డవాళ్ళని దూరంగా ఉంచుతారు. ఊళ్ళో ఉండనివ్వరు. వాళ్ళు లేకపోతే ఊరే ఉండదు.

మా తాతయ్య పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. కాటికాపరి వచ్చాడు. కట్టెలు ఎక్కడ ఎన్ని పెట్టాలో, గాలి ఎటు వీస్తోందో, తల ఎటుండాలో అన్నీ ఆయనే చూశాడు. మా నాన్న చేతులు వణుకుతుంటే కుండ ఆయనే సర్ది భుజం మీద పెట్టాడు. సాయంత్రం మా ఇంటికొస్తే పెరటి గోడ అవతల నిలబడ్డాడు. మా అమ్మ విస్తరి గోడ మీద పెట్టింది. ఆయన తీసుకుని వెళ్ళిపోయాడు. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. అలికర్‌లో అష్‌అబా గుడారాలు ఊరికి అంత దూరంగా కనిపించిన రోజు ఆ విస్తరే గుర్తొచ్చింది.

ఆరో గేమ్‌లో మన పాత్ర అష్‌అబా ఇంట్లో పుట్టాలి. ఈ సిరీస్‌లో ప్రతి హీరో ఖైదీగానో దిక్కులేనివాడిగానో మొదలవుతాడు. ఈసారి ఊరి బయట పుట్టినవాడిగా మొదలవ్వాలి.

ఓరుగల్లు_ఓర్క్:

అక్కా, సదివి శానా సేపు ఏం రాయలేకపోయిన. మా తాత ఊర్ల డప్పు కొట్టేటోడు. చావుకు పిలుస్తరు, పెండ్లికి గూడ పిలుస్తరు, లోపలికి మాత్రం పిల్వరు. ఎక్కువ చెప్ప. నువ్వు చెప్పిన హీరో నాకు కావాలె.

ఇప్పుడు కథ జోడిస్త, తప్పైతే చెప్పుండ్రి. హీరో పని చచ్చినోళ్ళకు శాంతి చెయ్యడం. వోలెన్‌ఫెల్ల, గదే రూర్కెన్‌ల పాత పట్నంల, ఏదో లేచిందని పిలుపొస్తది. దిగుతడు. యంత్రాలు తిరుగుతనే ఉంటయి, ఆవిరి పోతనే ఉంటది, పీటలు ఏసి ఉంటయి. పీనుగు ఒక్కటి గూడ దొరకదు. పుట్టినప్పటి నుంచి శవాలతోనే బతికినోడికి, శవమే లేని ఊరు! ఎవరికి చెయ్యాలె కర్మ? ఎట్ల చెయ్యాలె?

వింటర్‌హోల్డ్_విద్యార్థి:

అన్నా, ఇదే. మనిషి దొరక్కపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ చేసే పద్ధతి మనకుంది. సముద్రంలో పోయినవాళ్ళకి అలాగే చేస్తారు. హీరో రూర్కెన్‌ల కోసం అలాంటిది ఒకటి కనిపెట్టాల్సి వస్తే? డ్వెమర్ల పేర్లు వెతకాలి, వంశాలు వెతకాలి, యంత్రాల మీద రాతలు చదవాలి. పేర్లు కూడబెట్టడమే మెయిన్ క్వెస్ట్. ఎన్ని పేర్లు దొరికితే అంత వరకే కర్మ. దొరకనివాళ్ళు అలాగే ఉండిపోతారు. ప్లేయర్‌కి ఆ బరువు తెలియాలి.

గోదారి_ఖజీత్:

నేను మొదట్లో జవాబు చెప్పొద్దన్నాను. ఇప్పుడూ అదే అంటాను, కానీ ఓర్క్ తమ్ముడి కథలో జవాబు అక్కర్లేదు. వాళ్ళు బతికే ఉంటే ఈ కర్మ తప్పు. పోయి ఉంటే చేయకపోవడం తప్పు. హీరోకి తెలియదు, మనకి తెలియదు. అయినా ఏదో ఒకటి ఎంచుకోవాలి. పార్తూర్నాక్స్ సంధ్య గారిని అడిగిన ప్రశ్న లాంటిదే ఇది.

ఒక్కటి కలపనివ్వండి. చివర్లో యాగ్రమ్ పేరు వస్తుంది. అతను బతికే ఉన్నాడో లేదో ఎవరూ చెప్పలేదు. టెల్ ఫిర్ ఎర్రకొండ ఉన్న ద్వీపం దగ్గరే. నాలుగో యుగం 5లో ఆ కొండ బద్దలైంది. పట్టీలో అతని పేరు చేర్చాలా వద్దా అన్నది ఆఖరి ఎంపిక.

ఎర్రకొండ_యాత్రికుడు:

ఖజీత్ గారూ, ఇంత పెద్ద కథ బయటికొస్తుందనుకుని ఈ థ్రెడ్ తెరవలేదు. మోడ్ (గేమ్‌కి అభిమానులు కలిపే కొత్త భాగం) చేయడం తెలిసినవాళ్ళు ఉంటే నాకు మెసేజ్ పెట్టండి. టామ్రియెల్ రీబిల్ట్ అనే అభిమానుల బృందం వాళ్ళు మొరోవిండ్ ప్రధాన భూభాగాన్ని ఇరవై ఏళ్ళకి పైగా ముక్కముక్కగా కడుతున్నారు. మనం ఒక్క గుహ కట్టలేమా? తెలుగు డైలాగులు నేను రాస్తాను. పేర్ల పట్టీకి ఓర్క్ తమ్ముడి గొంతు కావాలి.

ఓరుగల్లు_ఓర్క్:

నేనున్న. ఆదివారం నుంచి కూసుంట.

కొత్తగా_చేరాను_విజయవాడ:

నేను నిన్న మొరోవిండ్ కొన్నాను. యాగ్రమ్ దగ్గరికి ఎలా వెళ్ళాలి?

ఎర్రకొండ_యాత్రికుడు:

ముందు మేజెస్ గిల్డ్‌లో చేరు. గిల్డ్ గైడ్‌ని అడిగితే సాడ్రిత్ మోరా పక్కనున్న వుల్వరిన్ హాల్‌కి పంపిస్తుంది. అక్కణ్ణించి నైరుతి వైపు, నీళ్ళ మీద వెళ్ళాలి, టెల్ ఫిర్ పుట్టగొడుగు గోపురం కనిపిస్తుంది. గాల్లోకి లేచే పోషన్ దగ్గరుంచుకో, అది లేకపోతే పైనున్న గోపురం యజమాని, మాంత్రికుడు దివాయ్త్ ఫిర్‌ని కలవలేవు. కార్‌ప్రుసేరియం అడుగున ఉంటుంది. కాపలాగా ఉండే ఆర్గోనియన్ పేరు విస్తా కై. రోగులు మీదపడతారు, ఎవర్నీ కొట్టకు, వాళ్ళు ఫిర్ అతిథులు. పక్కకి తప్పుకుంటూ చివరిదాకా వెళ్ళు.

ఫిర్ నిన్ను బూట్లు తెమ్మని పంపుతాడు. అవి చేతికి రాగానే పైకి వచ్చేయకు. యాగ్రమ్ దగ్గర టాపిక్‌లు ఇంకా చాలా ఉంటాయి. అన్నీ అడుగు, ఓపిగ్గా చెప్తాడు.